మూగబోయిన లిపికి మాట తెచ్చిన విద్యార్థి – షాంపోలియన్

గత విద్యాసంవత్సరంలో ఒకనాటి సాయంకాలం, పిల్లలందరూ ఇళ్లకు వెళ్లిన తరువాత, ఒక యువతి నా గదికి వచ్చింది. ఆమె తాతగారు మన పాఠశాలలో చదువుకొన్నవారు. ఆయన కాలధర్మం చెందిన పిమ్మట ట్రంకు పెట్టెలో దొరికిన ఉత్తరాల కట్టను తెచ్చి, చదివి వినిపించమని కోరింది. ఆ అమ్మాయి నాతో చక్కని తెలుగులో మాట్లాడింది. కాని వేరొక మాధ్యమంలో చదువుకొన్నందువల్ల తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. నేను ఒక గంటసేపు చదివాను. వాటిలో ఒకటి, ఆమె పుట్టిన వారం రోజులకు తాతగారు తన తమ్మునికి వ్రాసి, ఎందువల్లనో పంపకుండా ఉంచుకొన్నది. తనకు ఆ పేరు ఎందుకు పెట్టారో ఆమెకు ఆనాడే తెలిసింది. ఆమె పుట్టిన నాటినుండి ఆ కాగితం ఇంట్లోనే ఉన్నది. ఆమె పాలిటికి మాత్రం మూగదై ఉన్నది.

ఆ రాత్రి నాకు పదే పదే గుర్తుకు వచ్చినవాడు ఫ్రాన్సు దేశానికి చెందిన జాన్ ఫ్రాన్స్వా షాంపోలియన్. సాంఘిక శాస్త్రం బోధించిన రోజులలో ఈజిప్టు పాఠం వచ్చినప్పుడల్లా నేను పిల్లలకు చెప్పిన కథ ఆయనదే. మన పాఠశాల ప్లాటినం జూబిలీ జరుపుకొంటున్న ఈ శుభ సందర్భంలో, ఆ మహనీయుని జీవితాన్ని పెద్దలకు కూడ ఒకసారి చెప్పవలెనని అనిపించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ప్రాచీన ఈజిప్టు ప్రజలు మూడువేల సంవత్సరాలకు పైగా ఒక చిత్రలిపిలో వ్రాసుకొన్నారు. పక్షులు, పాములు, కన్నులు, చేతులు, సూర్యబింబాలు – ఇవే వారి అక్షరాలు. ఆలయాల గోడలమీద, సమాధులలో, శిలా స్తంభాలమీద తమ రాజుల చరిత్రను, తమ దేవతల స్తుతులను ఆ లిపిలోనే చెక్కించుకొన్నారు. కాలక్రమంలో మతం మారింది, ఆలయాలు మూతబడ్డాయి, ఆ లిపిని నేర్పే గురువులు కరవయ్యారు. తేదీ తెలిసిన శాసనాలలో చిట్టచివరిది ఫిలే ద్వీపంలోని ఆలయంలో క్రీ.శ. 394 ఆగస్టు 24వ తేదీన చెక్కబడింది. ఆ తరువాత దాదాపు పదునాలుగు వందల సంవత్సరాలు ఆ గోడలముందు నిలిచిన ఏ మానవునికీ వాటిమీద ఏమున్నదో తెలియలేదు. ప్రతి బొమ్మలోను ఏదో నిగూఢమైన వేదాంతం దాగి ఉన్నదని పండితులు ఊహించి గ్రంథాలు వ్రాశారు.

అయితే లిపి నశించినా భాష పూర్తిగా నశించలేదు. ఈజిప్టులోని క్రైస్తవులు తమ భాషను గ్రీకు అక్షరాలతో, కొన్ని అదనపు అక్షరాలు చేర్చుకొని వ్రాసుకొనసాగారు. దానికే కోప్టిక్ అని పేరు. అరబ్బీ భాష వ్యాపించిన పిమ్మట అది ఇంటి భాషగా క్రమంగా క్షీణించినా, దేవాలయ ప్రార్థనలలో నిలిచి ఉన్నది. ఈ ఒక్క విషయాన్ని చదువరులు జ్ఞాపకం ఉంచుకోవలెనని మనవి. ఈ కథకంతటికీ తాళపుచెవి ఇదే.

షాంపోలియన్ 1790 డిసెంబరు 23న, నైరుతి ఫ్రాన్సులోని ఫిజాక్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి పుస్తకాల వ్యాపారి. తల్లికి చదువను వ్రాయను రాదు. దేశమంతటా విప్లవం చెలరేగుతున్న రోజులవి. బడులు సరిగా నడవలేదు. ఈ బాలుని చేయి పట్టుకొని నడిపించినవాడు అతని అన్నగారైన జాక్ జోసెఫ్. తమ్మునికంటె పన్నెండేళ్లు పెద్ద. తానూ పండితుడే అయినా, తమ్మునిలో తనకంటె గొప్ప ప్రతిభ ఉన్నదని గ్రహించి, జీవితమంతా అతని చదువుకు అండగా నిలిచాడు. తమ్ముడు ధరించిన కీర్తి కిరీటంలో సగం అన్నదని నేను భావిస్తాను.

1801లో అన్న తమ్ముణ్ణి గ్రెనోబుల్ నగరానికి తీసికొని వెళ్లాడు. కొంతకాలానికి బాలుడు ప్రభుత్వ పాఠశాలలో విద్యార్థి వేతనంతో చేరాడు. అక్కడ సైనిక శిక్షణాలయంలోవలె కఠినమైన క్రమశిక్షణ. తనకు ఇష్టమైన ప్రాచ్య భాషలకు పగటివేళ తీరిక దొరకక, తోటివారు నిద్రించిన తరువాత చదువుకొనేవాడు. ఆ ప్రాంతపు పాలనాధికారి ప్రసిద్ధ గణితవేత్త ఫోరియర్. ఆయన నెపోలియన్ దండయాత్రలో ఈజిప్టు వెళ్లి, అక్కడి శిథిలాలను చూచి వచ్చినవాడు. ఈజిప్టు గురించిన రచనలో అన్నగారు ఆయనకు తోడ్పడ్డాడు. అట్టి వాతావరణంలో బాలుని మనస్సు ఈజిప్టుమీద లగ్నమైపోయింది. 1807లో, పదహారేళ్ల ప్రాయంలో, ప్రాచీన ఈజిప్టు భౌగోళిక స్వరూపాన్ని గూర్చి గ్రెనోబుల్ పండిత పరిషత్తులో వ్యాసం చదివాడు. అది విన్న పెద్దలు అతనిని తమ పరిషత్తులో సభ్యునిగా చేర్చుకొన్నారు.

ఆ సంవత్సరమే ఉన్నత విద్యకై పారిస్ చేరాడు. రెండు సంవత్సరాలు అక్కడ అరబ్బీ, పారసీకం, హీబ్రూ, కోప్టిక్ మొదలైన భాషలు అభ్యసించాడు. గురువులలో సిల్వెస్తర్ ద సాసీ అనే మహాపండితుడు ఉన్నాడు. చేతిలో డబ్బు లేదు. తొడుగుకొనే బట్టలు చిరిగిపోయినవని, నలుగురిలోకి వెళ్లలేకపోతున్నానని అన్నకు ఉత్తరాలు వ్రాసేవాడు. అయినా చదువు ఆగలేదు. సెయింట్ రోష్ దేవాలయంలో ఈజిప్టునుండి వచ్చిన ఒక మతగురువు కోప్టిక్ ప్రార్థనలు చేస్తాడని తెలిసి, వాటిని వినడానికి వెళ్లేవాడు. పుస్తకంలోని అక్షరానికి చెవిని పడే ధ్వనిని జతచేసికొన్నాడు. తనలో తాను కోప్టిక్ భాషలోనే మాట్లాడుకొనేవాడు. తోటి పండితులు చిత్రలిపిని చూపుతో సాధించాలని ప్రయత్నిస్తున్నపుడు, ఈ కుర్రవాడు మొదట ఆ ప్రజల మాట నేర్చుకొన్నాడు.

అప్పటికే విద్వల్లోకం దృష్టి ఒక నల్లరాతి పలకమీద నిలిచి ఉన్నది. 1799లో ఫ్రెంచి సైనికులు నైలునది ముఖద్వారం వద్ద రషీదు గ్రామంలో కోట మరమ్మతు చేస్తుండగా అది బయటపడింది. దానికే రోజెట్టా శిల అని పేరు. యుద్ధంలో ఓడిన ఫ్రెంచివారినుండి ఆంగ్లేయులు దానిని తీసికొనగా, 1802లో లండనులోని బ్రిటిష్ మ్యూజియం చేరింది. క్రీ.పూ. 196లో టోలమీ రాజు పేర వెలువడిన ఒక ప్రకటన దానిమీద మూడు విధాలుగా చెక్కబడి ఉన్నది: పైన చిత్రలిపి, మధ్య సామాన్య ప్రజల వాడుక లిపి, క్రింద గ్రీకు. గ్రీకు తెలిసినవారు ఉన్నారు కనుక తక్కినవి తేలికగా తెలిసిపోతాయని అందరూ ఆశించారు. కాని ఇరవై సంవత్సరాలు గడచినా ముడి వీడలేదు. స్వీడను పండితుడు ఆకెర్బ్లాడ్, ఇంగ్లండులో థామస్ యంగ్ కొంత దారి తీశారు. అండాకారపు గీతలో ఇమిడ్చి వ్రాసినవి రాజుల పేర్లని, టోలమీ పేరులోని కొన్ని గుర్తులకు ధ్వనులు ఉన్నవని యంగ్ చూపిన సంగతిని మనం మరువరాదు.

షాంపోలియన్ పద్దెనిమిదవ ఏటనే గ్రెనోబుల్ విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధకుడైనాడు. కాని రాజకీయాలు ఆయనను వెంటాడాయి. 1815లో నెపోలియన్ తిరిగివచ్చినపుడు అన్నదమ్ములు ఆయన పక్షం వహించారు. నెపోలియన్ పతనానంతరం ఉద్యోగాలు పోయాయి. 1816లో ఇద్దరూ స్వగ్రామమైన ఫిజాక్‌కు బహిష్కృతులైనారు. ఆ ప్రవాసంలో వారు ఊరకుండలేదు. పేద పిల్లలకోసం, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు పాఠం చెప్పే లంకాస్టర్ పద్ధతిలో ఒక పాఠశాల నెలకొల్పారు. ఉపాధ్యాయులకు ఇక్కడ ఒక ఆసక్తికరమైన విషయం చెప్పవలె. దాదాపు ఇటువంటి పద్ధతినే ఆండ్రూ బెల్ అనే ఆయన అంతకు ముందే మద్రాసులోని అనాథ బాలుర పాఠశాలలో అమలు జరిపాడు. మన వీధి బడులలో పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరాలు దిద్దడం చూచిన పిమ్మటనే ఆయనకు ఆ ఆలోచన కలిగింది. 1797లో దానిని గ్రంథరూపంలో ప్రకటించాడు. ఈజిప్టు అక్షరాలను వెలికితీసిన మహాపండితుడు కొంతకాలం పల్లెటూరి పిల్లలకు ఓనమాలు నేర్పించే పనిలో ఉన్నాడన్నది మా వృత్తివారికి గర్వకారణం.

1821లో ఆయన అన్నగారున్న పారిస్ నగరానికి తిరిగివచ్చాడు. అప్పటికి ఆయన కూడ చిత్రలిపిలోని గుర్తులు వస్తువులనే తెలుపుతాయి గాని ధ్వనులను కావని నమ్మి, ఆ మాటే అచ్చులో చెప్పి ఉన్నాడు. ఆ సంవత్సరం చివర ఒక చిన్న లెక్క వేశాడు. రోజెట్టా శిలమీద గ్రీకు పదాలు 486. చిత్రలిపి భాగం విరిగిపోయి మిగిలినదే అయినా దానిలో గుర్తులు 1419. ఒక్కొక్క గుర్తు ఒక్కొక్క పదమైతే ఇన్ని గుర్తులు ఎట్లు వస్తాయి? రెండవ తరగతి బాలుడు కూడ వేయగల లెక్క అది. కాని ఆ లెక్క తన సిద్ధాంతాన్నే కూలద్రోస్తుందని తెలిసికొని, ఒప్పుకొని, మొదటినుండి ఆరంభించడానికి గొప్ప మనస్సు కావలె.

1822 ఆరంభంలో ఫిలే ద్వీపంనుండి ఇంగ్లండుకు తరలించిన ఒక శిలా స్తంభపు శాసన ప్రతి ఆయన చేతికి వచ్చింది. అందులో క్లియోపాత్రా రాణి పేరు ఉన్నది. టోలమీ పేరుతో దానిని పోల్చగా ప, ఒ, ల ధ్వనులకు రెండుచోట్లా ఒకే గుర్తులు, ఉండవలసిన స్థానాలలోనే కనిపించాయి. త ధ్వనికి మాత్రం వేరు వేరు గుర్తులు ఉన్నాయి. మనకు ర, ఱ ఉన్నట్లే, ఒకే ధ్వనికి రెండు గుర్తులు ఉండవచ్చునని ఆయన గ్రహించాడు.

ఇవి గ్రీకు జాతి పాలకుల పేర్లు. అంతకు పూర్వపు స్వదేశీ రాజుల కాలంలో కూడ ఈ పద్ధతి ఉన్నదా అన్నది అసలు ప్రశ్న. 1822 సెప్టెంబరు 14న అబూ సింబెల్ ఆలయంనుండి వచ్చిన ఒక చిత్రపటంలో ఆయన ఒక పేరు చూచాడు. చివర రెండు స గుర్తులు. అవి ముందే తెలుసు. మొదట సూర్యబింబం. మధ్య ఉన్న గుర్తు రోజెట్టా శిలమీద జన్మదినాన్ని చెప్పేచోట కనిపించినది. కోప్టిక్ భాషలో సూర్యుని రే అంటారు. మిసే అంటే కనుట. పదహారేళ్ల వయస్సునుండి నాలుకమీద ఆడించుకొన్న ఆ మాటలు ఆ క్షణంలో అక్కరకు వచ్చాయి. ఆ పేరు రామెసెస్! మరొక పటంలో థోత్ దేవత పక్షి బొమ్మ ప్రక్కన అదే గుర్తు. అది తుత్మోసిస్ రాజు పేరు. కాగితాలు చేతబట్టుకొని అన్న పనిచేసే కార్యాలయానికి పరుగెత్తి, సాధించానని చెప్పి స్పృహతప్పి పడిపోయాడని, కొద్ది రోజులు మంచం పట్టాడని చెబుతారు. సెప్టెంబరు 27న పారిస్ పండిత పరిషత్తులో తన ఆవిష్కరణను చదివి వినిపించాడు. అప్పటికి ఆయన వయస్సు ముప్పై ఒక్క సంవత్సరాలు.

లిపి తెలిసిన పిమ్మట ఆయన విదేశయాత్రలు ప్రారంభమైనాయి. 1824లో ఇటలీలోని తూరిన్ నగరం వెళ్లాడు. సార్డీనియా రాజు కొన్న గొప్ప ఈజిప్టు వస్తు సంచయం అక్కడ ఉన్నది. ఒక గదిలో బల్లమీద చిత్తు కాగితాలవలె పోసి ఉంచిన పపైరస్ తునకలను ఆయన ఒక్కొక్కటే ఏరి చదివాడు. వాటిలో ప్రాచీన ఈజిప్టు రాజుల పట్టిక ముక్కలై కనిపించింది. పన్నుల లెక్కలు వ్రాసిన కాగితం వెనుకవైపున ఎవరో వ్రాసిపెట్టిన పట్టిక అది. చదవగలవాడు రాకముందే అది పొడియైపోయినందుకు ఆయన ఎంతో దుఃఖించాడు. తరువాత రోము నగరంలోని శిలా స్తంభాలను పరిశీలించాడు. 1826లో పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఈజిప్టు శాఖకు అధికారి అయ్యాడు.

బాల్యంనుండి కలలుగన్న ఈజిప్టు దేశంలో అడుగుపెట్టేనాటికి ఆయనకు ముప్పై ఏడేళ్లు. ఇటలీకి చెందిన తన శిష్యుడు రోసెల్లీనితోను, చిత్రకారులు మొదలైన వారితోను కూడిన పదునలుగురి బృందానికి నాయకుడై, 1828 జూలై 31న తూలాన్ రేవునుండి బయలుదేరి ఆగస్టు 18న అలెగ్జాండ్రియా చేరాడు. గడ్డం పెంచి, ఆ దేశపు దుస్తులు ధరించి, అరబ్బీలో మాట్లాడుతూ రెండు పడవలపై నైలునది వెంట సాగిపోయాడు. దెందెరా ఆలయాన్ని తెల్లవారేదాక ఆగలేక వెన్నెల వెలుగులోనే చూచాడు. అబూ సింబెల్‌లో ఇసుక మేటలు ద్వారాన్ని కప్పివేయగా, ఇరుకైన సందులోనుండి ప్రాకి లోనికి వెళ్లి, ఆవిరిగదివంటి ఉక్కలో చెమటలు కారుతుండగా గోడలమీది శాసనాలను ప్రతి తీసికొన్నాడు. నైలునది రెండవ జలపాతంవరకు వెళ్లి, 1829 నూతన సంవత్సర దినాన, తాను కనుగొన్న వర్ణమాలలో మార్చవలసినదేదీ లేదని పారిస్‌కు తెలియజేశాడు. పారిస్‌లో కాగితాలమీద నేర్చిన చదువుకు అక్కడి రాళ్లు సాక్ష్యం చెప్పాయి.

తిరుగు ప్రయాణంలో థీబ్స్ వద్ద రాజుల లోయలో నెలల తరబడి పనిచేశాడు. బృందమంతా నాల్గవ రామెసెస్ సమాధిలోనే కాపురముండేవారు. ఆరోగ్యం లెక్కచేయక వేలకొలది చిత్రాలకు, శాసనాలకు ప్రతులు తీయించాడు. మహాపురుషుల జీవితంలో మచ్చను కూడ దాచకుండా చెప్పడం ఉపాధ్యాయుల ధర్మం. సేతి రాజు సమాధినుండి చిత్రించిన గోడ భాగాలను కోయించి ఒకటి ఆయన పారిస్‌కు, మరొకటి రోసెల్లీని ఫ్లారెన్సుకు తరలించారు. ఈనాటి పురావస్తు విద్యార్థి ఎవ్వరూ చేయని పని అది. అదే మనిషి 1829లో దేశం విడిచి వెళ్లేముందు పాలకుడైన మహమ్మదాలీకి ఒక విజ్ఞాపన సమర్పించాడు. కర్మాగారాల రాళ్లకు, సున్నపు బట్టీలకు ప్రాచీన ఆలయాలు ఎట్లా బలియైపోతున్నవో వివరించి, వాటిని కాపాడమని ప్రార్థించాడు. 1835లో పురావస్తువుల ఎగుమతిని నిషేధిస్తూ అక్కడ ఆజ్ఞ వెలువడింది. ఆ మేలు చూడడానికి ఆయన లేడు.

1831లో పారిస్‌లో కేవలం ఆయనకోసమే ఈజిప్టు పురాతత్త్వ ఆచార్య పదవిని సృష్టించారు. కాని శరీరం సహకరించలేదు. కొద్ది ఉపన్యాసాలు మాత్రమే ఇవ్వగలిగి, 1832 మార్చి 4న, నలభై ఒకటవ ఏట పరమపదించాడు. చివరి నెలలు తన వ్యాకరణ గ్రంథాన్ని సరిచూచుకొనడంలోనే గడిపాడు. చిన్ననాడు తమ్మునికి చదువు చెప్పించిన అన్నయే, తమ్ముడు పోయిన తరువాత ఆ వ్యాకరణాన్ని, నిఘంటువును ఏళ్లతరబడి శ్రమించి అచ్చువేయించాడు. కొందరు పండితులు ఆ పిమ్మట కూడ సందేహించారు. 1866లో తానిస్ శిథిలాలలో గ్రీకుతో పాటు చిత్రలిపిగల మరొక పెద్ద శాసనం దొరికినపుడు, షాంపోలియన్ పద్ధతి సరియైనదని నిర్వివాదంగా రుజువైనది.

మన దేశం కూడ ఇట్టి మరుపుకు లోనైనదే. అశోకుని శాసనాలు గుట్టలమీద, స్తంభాలమీద ఎదుటనే ఉన్నా చదవగలవారు లేక శతాబ్దాలు గడిచాయి. షాంపోలియన్ మరణించిన ఐదేళ్లకు, 1837లో, జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని చదివి ఆ మౌనాన్ని భంగపరిచాడు. ఒడిశాలోని ధౌళి, జౌగడలలోను, కర్ణాటకలోని మస్కి, బ్రహ్మగిరులలోను, కర్నూలు మండలంలోని ఎర్రగుడిలోను ఉన్న శాసనాలన్నీ ఆ లిపిలోనివే. మన తెలుగు లిపి ఆ బ్రాహ్మికి సంతానమే. తల్లి లిపినే మరచిన మనం బిడ్డ లిపిని మరువలేమని ధైర్యంగా ఎట్లా చెప్పగలం?

షాంపోలియన్ జీవితంనుండి పిల్లలకు పట్టుదల నేర్పుతాం; అది సరే. పెద్దలమైన మనం నేర్చుకోవలసినది వేరొకటి ఉన్నది. లిపి ఎవరో నిషేధించినందువల్లనే నశించదు; నేర్పేవారు మానుకొంటే చాలు, నశిస్తుంది. రాళ్లమీద చెక్కినా అది దానిని కాపాడదు. అయితే ఇంటిలో మాట మిగిలి ఉన్నంతవరకు దారి మూసుకొనిపోదు. ప్రార్థనలలో మిగిలిన కోప్టిక్ మాటలే పదునాలుగు వందల ఏళ్ల తాళాన్ని తెరిచాయి. మాతృరాష్ట్రానికి దూరంగా, మరొక భాష నడుమ తరతరాలుగా జీవిస్తున్న మనకు, ఇంటిలో తెలుగు మాట ఇంకా మిగిలి ఉన్నది. దానికి అక్షరాన్ని జోడించే పనిని డెబ్బది ఐదు సంవత్సరాలుగా ఈ పాఠశాల చేస్తున్నది. పిల్లలు ఏ మాధ్యమంలో చదివినా తప్పులేదు. వారి భవిష్యత్తు గురించి తల్లిదండ్రుల ఆందోళన నాకు తెలియనిది కాదు. కాని తాతగారి ఉత్తరం చదువుకొనగలిగినంత తెలుగు ప్రతి బిడ్డకూ నేర్పించమని మాత్రమే చేతులు జోడించి కోరుతున్నాను. దానికి రోజుకు అరగంట చాలు. దానికి షాంపోలియన్ వంటి మేధావి అక్కరలేదు.

ఆ యువతి ఇప్పుడు ఆదివారాలలో మా ఒకటవ తరగతి ఉపాధ్యాయినివద్ద గుణింతాలు దిద్దుతున్నది. ఆ కట్టలో నేను చదవని ఉత్తరాలు ఇంకా పదకొండు ఉన్నాయి. చదివి వినిపిస్తానన్నాను. వద్దన్నది. వాటిని తానే చదువుకొంటానన్నది.